వంటింటి దాకా వినపడే చప్పుడు

మంగళవారం పొద్దున నంద్యాలలో మా షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి అమ్మ. ఈమె నన్ను కన్న అమ్మ కాదు, నాకు టైపు నేర్పిన సారు భార్య. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం.

"పాపా, మీ సారు పోయినాడు."

ఎప్పుడని నేను అడిగేలోపే ఆమే చెప్పింది. "పొద్దున్నించీ చప్పుడు రాలేదు. నిద్రపోతాండాడులే, పండుకోనీ అని పొయ్యి కాడనే ఉండిపోతిని. పోయి చూస్తే ఇంగ లేడు."

షట్టరు కిందికి లాగేసి బస్టాండుకు పరుగెత్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అమ్మ చెప్పిన ఆ చప్పుడు సంగతి మీకు చెప్పాలి. సారు మంచివాడని చెప్పడానికే అయితే ఇంత రాయనక్కర్లేదు, ఆళ్లగడ్డలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇందులో నా తప్పొకటి ఉంది. అది చెప్పుకోకపోతే నాకు ముద్ద దిగేటట్టు లేదు.

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. మా వీధిలో తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా ఉలి చప్పుడే. ఆ వీధి చివర మిద్దె మీద సారు టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. ఆరు మెషిన్లు, ఆరు బల్లలు, గోడకు చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరు, అంతే. ఇంటర్ అయ్యాక నన్ను అక్కడ చేర్పించారు.

మీలో టైపు నేర్చుకున్నవాళ్లుంటే తెలుస్తుంది, కొత్తలో కళ్లు అక్షరాల మీదనుంచి కదలవు. సారు ఊరుకునేవాడు కాదు. తుండుగుడ్డ తెచ్చి మా చేతుల మీద, మెషిన్ మీద కప్పేసేవాడు. "కండ్లు కాగితం మీద, చెవి మెషిన్ మీద, నోరు ఇంటికాడ" అనేవాడు. తర్వాత మాకు వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకునేవాడు. హమ్మయ్య, చూడటం లేదులే అని మేం గుడ్డ ఎత్తబోయేలోపు ఆ పేపరు వెనక నుంచి మాట వచ్చేది.

"మూడో మెషిన్, నీ ఉంగరం వేలు నిద్రపోతాంది. లేపు."

మూడో మెషిన్ నేనే. చూడకుండా ఎట్లా తెలిసిందని అడిగితే నవ్వాడు. "మీ నాయన రాయి మంచిదో కాదో ఎట్ల చెప్తాడు? కొట్టి చూసి గదా. నేనూ అంతే పాపా." నిజమే. మా నాయన కొత్తగా దిగిన రాయిని సుత్తితో నాలుగు చోట్ల తట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే ఉంచుకుంటాడు. బొదబొదమంటే లోపల పగులుందని వెనక్కి పంపిస్తాడు. ఇట్లాంటి చెవులున్న ఇద్దరు మనుషుల మధ్య పెరిగినదాన్ని నేను.

ఆయన మాటల్లో ఇంకొకటి. తప్పు పడిందని మేం కాగితం చించబోతే చెయ్యి పట్టుకునేవాడు. "తప్పు పడితే మెషిన్ మీద పడి ఏడవొద్దు. లివరు తొయ్యి, కొత్త లైను పట్టు." లైను చివర గంట మోగగానే, కాగితం కొత్త లైనుకు జరిగేటట్టు ఎడమ చెయ్యి లేచి లివరు తోయాలి కదా, ఆ అలవాటు ఆయనకు ఒంట్లో ఇంకిపోయింది. ఆదివారాలు అమ్మ వెంట నేనూ చర్చికి పోయేదాన్ని. అక్కడ పాట ఒక చరణం అయిపోతే చాలు, ఆయన ఎడమ చెయ్యి దానంతట అదే లేచి గాలిలో లేని లివరును తోసేది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "సూడు పాపా, దేవుని పాటకు కూడా లివరు తోస్తాండాడు" అని నన్ను గిల్లేది.

కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూటు మూతపడింది. సారు దానికి ఏడవలేదు. "నువ్వు నంద్యాలకు పో, కంప్యూటరు పెట్టుకో. వేళ్లు అవే గదా" అని నన్ను తోశాడు. ఆయన వేళ్లిచ్చిన తిండే నేను ఈరోజుకూ తింటున్నాను. కోర్టు కాగితాలు, పెళ్లి పత్రికలు, ఏదొస్తే అది కొడతాను.

జబ్బు ముందు నాలుకకు వచ్చింది. ప్రార్థన చేస్తూ మాట తడబడితే, ఈ వయసులో సారు మందు మొదలుపెట్టినాడా ఏందీ అని ఒకరిద్దరు గుసగుసలాడుకున్నారు. ఆ పాడు నోళ్లను నేను ఇప్పటికీ మన్నించలేదు. కర్నూలులో డాక్టరు చెప్పాడు, ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బని. మాట పోతుంది, తర్వాత చేతులు పోతాయి, మందు లేదు. బుద్ధి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదట. అదేదో వరమిచ్చినట్టు చెప్పాడు.

మాట పూర్తిగా పోయాక పలక ఇచ్చారు. చెయ్యి వణికి గీతలు తప్ప అక్షరాలు రాలేదు. ఫోను ఇచ్చారు. వేలు ఆనించిన చోటల్లా ఏదో ఒకటి పడేది, ఆయనకు చిరాకు. చుట్టాలెవరో పిలుపు గంట తెచ్చి కుర్చీ పక్కన పెడితే తోసేశాడు. అది ఎందుకు తోశాడో తర్వాత కొట్టి చెప్పాడు: "నేనేమన్నా ఆఫీసరునా, పెండ్లాన్ని బెల్లు కొట్టి పిలిచేదానికి?"

కొట్టి చెప్పాడు అన్నాను కదా, దేనిమీదంటే నేను తీసుకుపోయిన కీబోర్డు మీద. షాపులో నేను వాడేదీ అట్లాంటిదే. చిన్నది, పక్కన అంకెల గడులుండవు, తీగ ఉండదు. మెకానికల్ కీబోర్డు అంటారు. ఒక్కో అక్షరం కింద ఒక్కో స్విచ్చి, దాని లోపల ఒక స్ప్రింగు. అక్షరం అడుగు దాకా దిగితే టకామని పలుకుతుంది. ఒక ఆదివారం ఆరాధన వదిలే వేళకు అది పట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. ముందు గదిలో సారు పడక కుర్చీలో ఉన్నాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క పెట్టి, దానిమీద కీబోర్డు ఉంచి, ఎదురుగా స్టూలు మీద నా పాత ల్యాప్‌టాప్ పెట్టాను. పాత తెలుగు టైపు మెషిన్ మీద ఏ అక్షరం ఎక్కడుండేదో ఇందులోనూ అక్కడే వచ్చేటట్టు చేశాను. ఆయన వేళ్లు వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. కళ్లు మూసుకుని కొట్టాడు.

"మూడో మెషిన్, బాగున్నావా?"

నేను స్క్రీను చదివి ఏడుస్తుంటే, వంటింట్లోనుంచి అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏందీ, మెషిన్లు మల్ల తెరిచినారా?" అంది. వాళ్లది పొడుగాటి ఇల్లు. ముందు గదికీ వంటింటికీ మధ్య రెండు గదులు, వంటింటి వెనక దొడ్డి. అంతదూరం వినపడింది ఆమెకు. ఆరోజు నుంచి అదే వరస. సారు కొట్టడం మొదలుపెడితే చాలు, లోపలి నుంచి "వస్తాండా, వస్తాండా!" అని కేక, వెనకే అమ్మ. వచ్చి స్క్రీను చదివి జవాబు చెప్పేది, పోట్లాడేది కూడా. మాట పోయిన ఇంట్లో మళ్లీ మాటలు మొదలైనాయి.

దాన్ని ఆయన చేతికి సరిపెట్టడానికి మాత్రం తిప్పలు పడ్డాను. కాసేపు ముట్టకపోతే బ్యాటరీ మిగలాలని ఆ కీబోర్డు నిద్రపోతుంది. మొదటి దెబ్బకు లేస్తుందిగానీ ఆ అక్షరాన్ని మింగేస్తుంది. "అన్నం" అని కొడితే "న్నం" అని పడేది. "నాకన్నా ముందు ఇది తింటాంది" అని కొట్టాడు సారు. నిద్రే పోకుండా చేశాను. వేలు తొందరగా లేవక ఒకే అక్షరం వరసగా పడిపోతుంటే అదీ ఆపాను. చిటికెన వేలు జారి తగిలే మీటను పనిచేయకుండా చేశాను. మొదట బలం తగ్గింది కుడిచేతికి. లైను మార్చే మీట ఉండేదేమో కుడివైపు. నేను గమనించాను, లైను అయిపోగానే ఆయన ఎడమ చెయ్యి పైకి లేస్తోంది, చర్చిలో లేచినట్టే. లైను మార్చే పనిని ఎడమ పక్క పైమూలన ఉన్న మీటకు మార్చి పెట్టాను. ఆయన చెయ్యి లేచి దానిమీద పడింది, స్క్రీను మీద కొత్త లైను వచ్చింది. ఆ ముసలి ముఖంలో వచ్చిన సంతోషం ఏమని చెప్పను! "లివరు దొరికింది పాపా" అని కొట్టాడు.

ఇంత చేసినా జబ్బు నాకు అందితేనా? ప్రతి ఆదివారం వేళ్లు ఇంకాస్త చచ్చుబడి ఉండేవి. అక్షరం అడుగు దాకా దిగేది కాదు. ఈ కీబోర్డులో ఒక వీలుంది, చిన్న పట్టుకారుతో స్విచ్చిలు లాగేసి వేరేవి గుచ్చుకోవచ్చు. తేలికైన స్ప్రింగువి తెప్పించి నేలమీద కూర్చుని అరవైకి పైగా ఒక్కొక్కటే మార్చేదాన్ని. పీకినవాటిని అమ్మ టిఫిన్ డబ్బాలో వేసి దాచేది. నెల తిరగక ముందే అవీ బరువైపోయేవి. ఇంకా తేలికైనవి కావాలి. పార్సెలు హైదరాబాదులో ఉందనేవాళ్లు, కర్నూలుకొచ్చిందనేవాళ్లు. కొరియరు ఆఫీసులో అరిచాను, చేతులెత్తి దణ్ణం పెట్టాను. అవి రాక ఒక ఆదివారం ఒట్టి చేతులతో పోయాను. సారు వేలు ఒక అక్షరం మీద పెట్టి వణుకుతున్నాడు. అది దిగడం లేదు. నుదుటి మీద చెమట. నావైపు చూశాడు. దేవుడా, ఈ ఒక్క అక్షరం దిగనియ్యి తండ్రీ, ఇంకేమీ అడగను అని మొక్కుకున్నాను. దిగలేదు.

ఆ తొందరలో చేశాను నేను ఆ పని. మరుసటి వారం చేతికి వచ్చిన తేలిక స్విచ్చిలు చప్పుడు లేనివి, లోపల సన్నటి రబ్బరు ముక్కలుంటాయి. నాకు ఇంకా మంచిదనిపించింది. వీడియోల్లో అందరూ కీబోర్డు చప్పుడు తగ్గించుకోవడమే పెద్ద విద్య అన్నట్టు చెబుతారు. అవి చూసి కీబోర్డు విప్పి లోపల స్పాంజి షీటు పరిచాను. మోచేతులు ఒరుసుకుంటున్నాయని చెక్క తీసేసి దిండు పెట్టాను. జబ్బు మనిషి ఉన్న ఇల్లు ప్రశాంతంగా ఉండాలి కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అక్షరాలు దిగాయి, పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. సారు కాసేపు కీబోర్డు వైపు చూసి "బాగుంది పాపా" అని కొట్టాడు. మురిసిపోతూ బస్సెక్కాను.

తర్వాతి ఆదివారం గడపలోనే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మీ సారు మాట్లాడేది మానేసినాడు పాపా. జావ పట్టిస్తే మింగుతాడు, కండ్లు మూసుకుంటాడు. నోరు పోయిన దినం కూడా నేనింత ఏడవలేదు. నామీద కోపమో, దేవుని మీద కోపమో తెలీకుండా ఉంది."

లోపలికి పోయాను. సారు కుడి చెంప ఎండకు కమిలి, పొర లేచి ఉంది. ల్యాప్‌టాప్ నల్లగా ఉంది. తాకాను, వెలిగింది. ఆ వారమంతా ఆయన కొట్టింది అందులో ఉంది.

"నీళ్లు.

కుర్చీ జరుపు, ఎండ మీదికొస్తాంది.

ఎండ.

ఎండ.

రా.

చప్పుడు లేదు గదా. యాడ వినపడతాది.

పాపకు చెప్పొద్దు. కష్టపడి చేసింది."

నేను పైకే చదివాను. అమ్మ నోటి మీద కొట్టుకుంది. "దొడ్లో గుడ్డలు ఉతుకుతాంటి పాపా! ఇన్ని దినాలూ ఆ చప్పుడుకే గదా నేను వస్తాంటి. నాకే తెలీకపాయె!" ఆ చప్పుడు తీసేశానని నేను ఆమెకు చెప్పనే లేదు. ఒక్క మాట కొట్టడానికే పావుగంట పట్టే మనిషి ఆయన. అమ్మ ఏదో పనిమీద వచ్చేసరికి స్క్రీను నల్లబడి ఉండేది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఆయనకు మిగిలేది కాదు. నోరు పోయిన మనిషికి నేను ఇచ్చిన నోరును నేనే కుట్టేశాను. వారం రోజులు ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

ఆయన కాళ్ల దగ్గర కూలబడి దిండులో తల పెట్టి ఏడ్చాను. చాలాసేపటికి నా జుట్టుకు ఏదో తగిలింది. సారు ఎడమ చెయ్యి, నా తలమీదుగా పైకి పాకుతోంది. ఎక్కడికి పోతోందో అర్థం కాక తల ఎత్తాను. వేలు పోయి పోయి ఎడమ పక్క పైమూలన ఉన్న మీట మీద ఆనింది. స్క్రీను మీద కొత్త లైను వచ్చింది. ఆయన ఏ అక్షరమూ కొట్టలేదు.

పాత స్విచ్చిలు పెడితే చప్పుడు వస్తుంది, కానీ వాటిని నొక్కే బలం ఆ వేళ్లకు లేదు. తేలికవి ఉంచితే చప్పుడు రాదు. ఏం చేయాలో తోచక మా వీధికి పరుగెత్తి నాయనకు చెప్పాను. ఆయన ఉలి పక్కన పెట్టి అంతా విని తిట్టాడు.

"మెత్తటి దాని మీద పెట్టి కొడితే ఏ రాయైనా పలుకుతాదా? దెబ్బ చిన్నదైనా కింద గట్టిది ఉండాల. ఈ మాత్రం తెలీదా నీకు? ఎవురి కూతురివి నువ్వు?"

ఆయన అప్పుడే ఒక నల్లరాతి పలక తీసి తట్టి చూశాడు, దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తట్టాడు. ఐదోది నచ్చింది. రెండు రోజులు దాన్ని అరగదీసి వేలి మందానికి తెచ్చాడు. నేను ఆ రెండు రోజులూ షాపు తెరవకుండా అక్కడే కూర్చుని, స్విచ్చిలు ఒక్కొక్కటీ విప్పి రబ్బరు ముక్కలు బ్లేడుతో కోసేశాను. స్పాంజి పీకేశాను. కుర్చీ చేతుల మీద రెండు కొయ్యముక్కలు పెట్టి, వాటిమీద రాయి, దానిమీద కీబోర్డు ఉంచాం. నాయన పక్కన నిలబడి "కొట్టు సామీ" అన్నాడు. సారు వేలు చిన్నగా దిగింది. రాయి పలికింది. వంటింట్లోనుంచి "వస్తాండా, వస్తాండా!" అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

అట్లా ఇంకో రెండు నెలలు. పది వేళ్లలో నాలుగు మిగిలాయి, తర్వాత ఒకటి. చివర్లో అక్షరాలు పోయాయి. ఎడమ బొటనవేలు ఒక్కటే కదిలేది. దానికింద ఉండేది ఖాళీ వదిలే పొడుగాటి మీట. దాన్ని కొడితే అక్షరం పడదు, చప్పుడు మాత్రం అన్నిటికంటే గట్టిగా వస్తుంది. ఆయన దాన్నే కొట్టేవాడు. అమ్మ వచ్చేది, నీళ్లా, ఎండా, కాలు తిమ్మిరెక్కిందా అని ఒక్కొక్కటే అడిగేది, ఆయన కళ్లతో చెప్పేవాడు. ఒక్కోసారి అన్నిటికీ కాదనేవాడట. "ఊరికే పిలిచినాడు పాపా, నన్ను చూసేదానికి" అని చెప్పింది నాకు. ఆ మంగళవారం పొద్దున ఆ బొటనవేలు కూడా కదల్లేదు.

మట్టి వేసి వచ్చిన మూడో రోజు ఇంట్లో ప్రార్థన పెట్టారు. పాస్టరు గారు, చర్చి వాళ్లు అందరూ వెళ్లిపోయాక ముందు గదిలో నేనూ అమ్మా మిగిలాం. కుర్చీ అక్కడే ఉంది. రాయి, రాయి మీద కీబోర్డు కూడా అట్లాగే ఉన్నాయి. మొన్న వచ్చిన ఇంకా తేలిక స్విచ్చిల పొట్లం విప్పకుండా నా సంచిలోనే ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. చివరి లైన్లలో ఒక్క అక్షరం లేదు. ఖాళీలే, లైన్ల తరబడి. ఒక్కో ఖాళీకీ అమ్మ ఒక్కోసారి వంటింట్లోనుంచి వచ్చింది. వాటిని చెరపడానికి నాకు చేతులు రాలేదు. ఇవన్నీ సర్ది తీసుకుపోవాలా ఉంచాలా అని అడుగుదామనుకుంటుండగా అమ్మే అంది.

"పాపా, నేను వంటింట్లోకి పోతాండా. నువ్వొకసారి కొట్టు."

ఆమె రెండు గదులు దాటి లోపలికి పోయింది. గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపించింది. నేను ఆయన కుర్చీలో కూర్చోలేదు, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. నిద్రపోవద్దని నేను చేసి పెట్టిన కీబోర్డు ఇంకా మేలుకునే ఉంది. ఎడమ బొటనవేలితో ఆ పొడుగాటి మీటను కొట్టాను. రాయి పలికింది.

గిన్నె చప్పుడు ఆగింది. "వస్తాండా, వస్తాండా!"

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ గబగబా వచ్చి, గడప దగ్గర ఆగి, కుర్చీ వైపు చూసింది.